కొండ దిగిన నీళ్ళు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ చిరాకు. భయం కాదు, చిరాకు. గుంతకల్లు స్టేషన్‌లో రిజర్వేషన్ కౌంటర్ వెనక కూర్చునే ఉద్యోగం నాది. పండగ సీజన్‌లో కిటికీ అవతల నిలబడి అరిచే జనాన్ని భరించినదాన్ని, చచ్చినవాళ్ళకు భయపడతానా? ఫలానా క్వార్టర్లో గజ్జెల చప్పుడు వినబడిందని ఆఫీసులో ఎవరైనా అంటే, ఎలుకలు తిరుగుతున్నాయి, బోను పెట్టండి అని మొహమ్మీదే చెప్పేదాన్ని. ఇప్పుడు నేను చెప్పబోయేది వేరేవాళ్ళు నాకు చెప్పి ఉన్నా అదే మాట అనేదాన్ని.

రెండువేల సంవత్సరం తర్వాత వరుసగా కరువులు చూసి చూసి, ఒక ఏడాది మాకు వానలు విరగబడి కురిశాయి. అప్పుడు మా తమ్ముడు శ్రీధర్, వాడి భార్య సుజాత నా క్వార్టర్లోనే ఉండేవాళ్ళు. సుజాతకు ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. కారణం ఇదీ అని డాక్టర్లు తేల్చలేదు గానీ, శ్రీధర్ మాత్రం తేల్చేశాడు. నీళ్ళదే తప్పన్నాడు. సుజాత పుట్టింట్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పిల్లల పళ్ళు గారపట్టడం, పెద్దవాళ్ళ కాళ్ళు వంకర్లు పోవడం వాడు కళ్ళారా చూశాడు. అందుకే మంచినీళ్ళు ఎక్కడ దొరికినా సుజాత కోసం మోసుకొచ్చేవాడు.

ఆ మాటకొస్తే మా ఊరివాళ్ళందరికీ ఉన్న రోగమే అది. ప్రయాణమైతే చెప్పులైనా మరిచిపోతామేమో గానీ ఖాళీ క్యాను మరిచిపోము. రైల్లో పోతూ పెద్ద స్టేషన్ వస్తే ముందు కొళాయి ఎక్కడుందో చూస్తాం. నీళ్ళు ఊరికే పారిపోతుంటే చూస్తూ ఊరుకోవడం మావల్ల కాదు.

యాడికి అవతల కొండల్లో నీళ్ళు దూకుతున్నాయని, పైన బండ మీద నిలబడితే సీమంతా కనిపిస్తుందని ఆఫీసులో చెప్పుకున్నారు. ఆ కొండ పేరు చెప్పను. చెబితే మీరు పోతారు. ఒక ఆదివారం పొద్దున్నే నేనూ శ్రీధర్ స్కూటర్ మీద బయల్దేరాం. కుదుపులు పడవని సుజాతను ఇంట్లోనే ఉంచాం. వాడి కాళ్ళ దగ్గర ఖాళీ క్యాను ఉంది.

కొండ కింద నాలుగు ఇళ్ళున్న పల్లె, మేకల దొడ్లు, అవి దాటాక ఒక వంక, చిన్న వాగులాంటిది. మోకాలి లోతు కూడా లేదు. పైనుంచి దిగి వస్తున్న ఆడవాళ్ళు వంకకు అవతలి గట్టున ఆగి కొంగులు పిండుకుంటున్నారు. జడలు విప్పి నీళ్ళన్నీ విదిలించి, అరికాళ్ళు కూడా ఇసకలో రుద్దుకుని, అప్పుడు వంకలో దిగి ఇవతలికి వస్తున్నారు. ఎటూ వంకలో మళ్ళీ తడిసేవాళ్ళకు ఈ అవస్థ ఏమిటని నాకు నవ్వొచ్చింది.

మేకలు కాసే ముసలామె ఒకతె మా క్యానును చూసింది. మమ్మల్ని కాదు, క్యానునే చూసింది.

"పోండి, చూడండి. కడుపునిండా తాగండి" అంది. "ఈడికి మాత్రం మోసుకొని రావద్దండి. ఆ కొండ తాగనిస్తాది, తీసకపోనీదు."

పల్లెవాళ్ళకు ఇలాంటి నమ్మకాలు లక్ష ఉంటాయి అనుకుంటూ ఎక్కాం. చండ్ర చెట్లూ పరికి పొదలూ కలిసిన చిట్టడివి. బాట బాగానే ఉంది. పైకెక్కితే నిజంగానే నోరు తెరిచేంత నీళ్ళు. నల్లటి బండ అంచు మీదినుంచి తెల్లగా దూకి గుండంలో పడుతున్నాయి. బండ మీద నిలబడితే శనక్కాయ చేలు పచ్చగా కనుచూపు మేర. మా జిల్లా అంత అందంగా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం. ఎందుకో ఏడుపొచ్చింది.

శ్రీధర్ గుండంలో మోకాళ్ళదాకా దిగి క్యాను నింపుకున్నాడు. ముసలామె మాట గుర్తు చేశాను. వాడు వినలేదు. "సుజాత కోసం, అక్కా" అన్నాడు. క్యాను మూత నేనే అందించాను.

దిగడం మొదలుపెట్టి చాలాసేపైనా జలపాతం హోరు తగ్గలేదు. మొదట పట్టించుకోలేదు. ఎక్కువసేపు అక్కడ నిలబడితే చెవుల్లో హోరు ఉండిపోతుంది, ఆమాత్రం నాకూ తెలుసు. కానీ సగం కొండ దిగాక కూడా అది మా వెనక పదడుగుల్లో ఉన్నట్టే వినబడుతోంది. ఆగితే ఆగలేదు, నడిస్తే వెంట నడిచింది. శ్రీధర్ కూడా వెనక్కి తిరిగి చూస్తున్నాడని గమనించాను.

వంక దగ్గర కొంగులు పిండుకుంటున్నవాళ్ళు మమ్మల్ని చూసి దూరం జరిగారు. దారిలో పెట్రోలు పోయించడానికి బండి ఆపినప్పుడు ఇంజన్ ఆగింది. హోరు ఆగలేదు. పెట్రోలు పోసే మనిషి తలెత్తి ఆకాశం వైపు చూశాడు.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాం. సుజాత గేటు దగ్గర నిలబడి ఉంది. మేము ఒక్క మాట కూడా చెప్పకముందే అడిగింది.

"ఏంటికి వదినా, అన్ని నీళ్ళు పారతాండాయి? యాడ?"

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. కొండకు రాని మనిషి చెవిలోకి ఆ హోరు ఎలా వచ్చింది? క్యానును వరండాలో పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దన్నాను. పొద్దున్నే వెనక్కి తీసుకుపోదామన్నాను. శ్రీధర్ నాతో గొడవ పడ్డాడు. మంచినీళ్ళు పారబోసే మొహమా నీదని తిట్టాడు. నేనూ తక్కువ తినలేదు. లోపల మేము అరుచుకుంటుంటే సుజాత బయటే కూర్చుంది.

పొద్దునకల్లా వాడే మెత్తబడి స్కూటర్ తీశాడు. రాత్రంతా నిద్రపోలేదని మొహం చూస్తేనే తెలిసింది.

పల్లె దగ్గర మగవాళ్ళు కర్రలు పట్టుకుని దారికి అడ్డం నిలబడి ఉన్నారు. మాకోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. గొంతు ఎండిపోయి గుక్కెడు నీళ్ళడిగితే, ఒక ఇల్లాలు కుండ మీద మూత పెట్టి లోపలికి పోయింది. మా సీమలో పగవాడు అడిగినా నీళ్ళు లేవనరు. అలాంటి మొహం నేను అంతకుముందు చూడలేదు. చివరికి ముసలామె వచ్చి మగవాళ్ళను పక్కకు జరగమంది.

పైన జలపాతం లేదు.

నీళ్ళు తగ్గడం కాదు, ఆ చోట నీళ్ళు పడిన గుర్తే లేదు. ముందురోజు శ్రీధర్ మోకాళ్ళదాకా దిగిన గుండంలో దుమ్ము, ఎండుటాకులు, మేక పెంటికలు. బండ ముట్టుకుంటే కాలింది. ఎగువన ఎవరో కట్ట వేసి నీళ్ళు మళ్ళించి ఉంటారని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. ఒక్క పూటలో ఆ దుమ్ము ఎక్కడిదని అడిగితే మాత్రం చెప్పలేను. హోరు ఇప్పుడు స్పష్టంగా క్యానులోంచే వస్తోంది.

శ్రీధర్ మూత తీసి గుండంలో ఒంపాడు. మా నేల సంగతి తెలిసిందే, చుక్క పడితే చాలు పీల్చేస్తుంది. ఈ నీళ్ళు ఇంకలేదు. దుమ్ము మీద కాసేపు అలాగే నిలబడి, బండ సందులోకి జారిపోయాయి. హోరు ఆగింది. ఆ నిశ్శబ్దంలో నిలబడలేక గబగబా దిగొచ్చాం. వంక దగ్గర, పొడిగా ఉన్న కొంగును కూడా పిండుకున్నాను. నన్ను చూసి ఎవరూ నవ్వలేదు.

"అంతా పోసినారా?" అని ముసలామె అడిగింది. శ్రీధర్ క్యాను బోర్లించి చూపించాడు. "సుక్క మిగిలినా అది ఇడిసిపెట్టదప్పా. ఎన్నేండ్లయినా అడుగుతాది" అంది.

ఇంటికి వచ్చేసరికి సుజాత గుమ్మంలో ఏడుస్తూ కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"నిన్న మీరు లోపల కొట్లాడుకుంటాంటే ఒక్క గుక్క తాగినా వదినా. ఆ సప్పుడు ఇంటాంటే నోరెండుకపాయ."

నెలలు నిండేదాకా మేము బతికిన బతుకు పగవాళ్ళకు కూడా వద్దు. ఈసారి కడుపు నిలిచింది. పండులాంటి ఆడపిల్ల పుట్టింది. శ్రీధర్ ఆసుపత్రి వరండాలోనే వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను కూడా అంతా మరిచిపోదామనుకున్నాను.

టీకాలకు తీసుకుపోయినప్పుడు డాక్టరమ్మ పాప వీపుకు స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది. ఏమైనా ఉందా అంటే, ఏమీ లేదు, గుండె బాగుంది అంది. అని మళ్ళీ ఆనించి విన్నది. ఇంటికొచ్చాక నేను పాప వీపుకు చెవి ఆనించాను. ఎక్కడో దూరంగా, బాగా ఎత్తునుంచి నీళ్ళు పడుతున్నాయి.

మా దగ్గర మంచి వాన పడితే ముసలీ ముతకా వీధిలోకి వచ్చి తడుస్తారు. పాపకు నడక బాగా వచ్చిన ఏడాది అలాంటి వాన పడింది. అందరితోపాటు బయట ఆడుకుంటోందనుకున్నాం. గుత్తి రోడ్డు మీద దొరికింది. ఒక్కతే, కాళ్ళకు చెప్పుల్లేకుండా, ఆ కొండలున్న వైపు నడుస్తోంది. ఎక్కడికమ్మా అంటే, "పిలుస్తాండారు అత్తా" అంది. ఎవరంటే చెప్పలేదు. తర్వాతి వానకు కూడా అదే రోడ్డు మీద పట్టుకున్నాం.

ఇప్పుడు బడికి పోతోంది. చదువులో చురుకు, ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఇదంతా ఏమిటో నాకు తెలియదు. ఎలుకలనో గాలి అనో సర్దిచెప్పుకోవడానికి నాకు మాటలు రాక కాదు, అవేవీ ఆ పిల్ల వీపు దగ్గర పనికిరావడం లేదు.

వాన కోసం మొక్కులు మొక్కే ఈ ఊళ్ళో, మబ్బు పట్టగానే తలుపులకు గడియ పెట్టుకునే ఇల్లు మాదొక్కటే. వాన వెలిసేదాకా శ్రీధర్ తలుపుకు వీపు ఆనించి కూర్చుంటాడు. పాప ఏడవదు, మారాం చెయ్యదు. చినుకులు ఆగాక నా దగ్గరికి వచ్చి మెల్లగా ఒక్క మాట అడుగుతుంది.

"ఇంగ ఎప్పుడు పోనిస్తారు అత్తా?"