మామిడి పాదులో ఉప్పు

బందరులో తెల్లవారుజామున సముద్రం కనపడదు, వాసన మాత్రం వస్తుంది. చిలకలపూడిలో మా పెరట్లో నిలబడితే ఆ తడిగాలి మొహానికి తగులుతుంది. మిగతా పెరడంతా తెల్లబడినా మామిడిచెట్టు కింద ఇంకాసేపు చీకటి ఉంటుంది. రెండేళ్ళపాటు రోజూ ఆ వేళకి నేను గుప్పిట్లో కల్లుప్పు పట్టుకుని ఆ చీకట్లోకి వెళ్ళేదాన్ని. నిద్ర పూర్తిగా వదిలేది కాదు. ఉప్పు పాదులో చల్లి, నీళ్ళు పోసి, కాసేపు మానుకి వీపు ఆనించి నిలబడేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. మంచిపని నోటితో చెప్పుకుంటే దిష్టి తగులుతుందని నా నమ్మకం.

మాది దివిసీమ. పుట్టింట్లో అన్నీ కొబ్బరిచెట్లే. మొక్క నాటితే గుంటలో ఉప్పు, ఏటా తొలకరికి పాదులో ఉప్పు. "ఉప్పు లేని కూడు మనం తింటామా? చెట్టయినా అంతే" అనేది మా అమ్మ. చెట్టంటే ఉప్పు పెట్టాలని నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తెలుసు. ఏ చెట్టుకి అని అడగాలని మాత్రం ఏనాడూ తోచలేదు. తెలివితేటలు అలా ఏడ్చాయి!

ఆ మామిడి మా అత్తగారు టెంక పాతి మొలిపించుకున్న చిన్నరసం. పొద్దున్నే ఆవిడ ఇంట్లో అందరికీ కాఫీలిచ్చాకే చెట్టు దగ్గరికి వెళ్ళేది అని రాద్దామనుకున్నాను గానీ, అబద్ధం ఎందుకు, ముందు చెట్టు దగ్గరికే వెళ్ళేది. రెండేళ్ళ క్రితం పిందె విపరీతంగా రాలి, ఆవిడ మొహం చిన్నబోయింది. అది చూడలేకే, ఏడాదికోసారి ఏం చాలుతుందని, నేను రోజూ ఉప్పు మొదలుపెట్టాను.

ఆకుల అంచులు మాడాయి. ఇంకా బలం చాలలేదనుకుని ఇంకో గుప్పెడు పెంచాను. కిందటి చలికాలం పూతే లేదు. వేసవికల్లా పక్కింటి రేకుల షెడ్డు వైపున్న కొమ్మలు బోసిపోయాయి. గాలివానకి విరిగి ఆ రేకుల మీద పడితే ఎవరు జవాబు చెబుతారని మావారు గొడవ పెట్టి, దగ్గర్లోని గూడూరులో చెట్లు కొట్టే ఆయనకి ఫోన్ చేశారు. మొదలంటా కొట్టించేద్దామన్నారు. అత్తయ్య ఆ రోజు మధ్యాహ్నమంతా కుర్చీ వేసుకుని చెట్టు కిందే కూర్చుంది. ఆవిడ ఒళ్ళో ఎండుటాకులు రాలుతుంటే, వంటింట్లోంచి చూస్తున్న నా గుండె తరుక్కుపోయింది.

మర్నాడు ఆ గూడూరు ఆయన టీవీఎస్ మీద తాళ్ళు, గొడ్డలి, పెట్రోలు రంపం కట్టుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి. రంపం దించకుండా చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బెరడు గోకి చూశాడు. పాదులో చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకుని, తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇదేంటండీ, ఉప్పు పండే మడి మింగినట్టుంది ఈ చెట్టు! కొబ్బరిచెట్టనుకున్నారా? మామిడికి ఉప్పు పడదు గదండీ. ఎవరేశారు?"

నేను నోరు తెరిచేలోగా నా వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"నేనే వేశానయ్యా. ముసలిదాన్ని, మతి ఉండి చచ్చిందా?"

"అబద్ధమండీ!" అని అరిచాను. "వేసింది నేను. రోజూ నేనే." తర్వాత ఆవిడ వైపు తిరిగాను. "మీకెలా తెలుసు అత్తయ్యా?"

"కిటికీలోంచి చూస్తూనే ఉన్నానమ్మా."

"మరి చెప్పరేం? మామిడికి పడదని మీకు తెలుసుగా!"

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "మీ పుట్టింటి పద్ధతాయె. వద్దంటే మీ అమ్మని అన్నట్టుంటుంది. నువ్వొచ్చిన కొత్తలో మీవాళ్ళ చేపల పులుసు చింతపండు రసంలా ఉందన్నాను. మూడ్రోజులు అన్నం ముట్టలేదు నువ్వు. అప్పట్నుంచీ నీ పనుల్లో నోరు పెట్టకూడదని ఒట్టేసుకున్నా."

ఇరవై ఏళ్ళ కిందటి మాట. నేనెప్పుడో మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు. ప్రాణంగా పెంచుకున్న చెట్టు కళ్ళముందే మాడిపోతుంటే, నా కోపానికి జడిసి రెండేళ్ళు నోరు కట్టేసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు అత్తాకోడళ్ళు" అన్నాడాయన. "కొట్టెయ్యమంటే ఇవాళే అయిపోద్ది. ఉంచమంటే పైమట్టి తీసేసి, కాలవ మంచినీళ్ళతో ఉప్పు కడగాలి. బతుకుద్దని మాత్రం మాటియ్యలేను."

అత్తయ్య నా వైపు చూసింది. ఇప్పుడు కూడా నేనే చెప్పాలన్నమాట.

"ఉంచండి" అన్నాను.

మావారు గొణిగారు గానీ అడ్డు చెప్పలేదు. చెట్లు కొట్టే ఆయన ఎండు కొమ్మలు ఒక్కొక్కటే తాడుకట్టి, పక్కింటి రేకులకి తగలకుండా దించాడు. కోసిన చోటల్లా పేడ మెత్తాడు. పాదు మట్టి తవ్వి బయట పోయించాడు. తర్వాత కాలవ నీళ్ళ ట్యాంకర్లు వచ్చాయి. నీళ్ళు నిండి, మెల్లగా ఇంకి, మళ్ళీ నిండేవి. ఆ పగళ్ళన్నీ నాకు కలలో జరిగినట్టే ఉన్నాయి. నేనూ ఆవిడా చెరో పక్క కూర్చుని, నీళ్ళు తగ్గడం చూసేవాళ్ళం. కొమ్మలు పోయిన మేర ఆకాశం వచ్చి పాదులో పడేది.

తొలకరి వెళ్ళిన కొన్నాళ్ళకి తూర్పు కొమ్మన చిగురేసింది. మా వీధిలో బంగారు పూత పెట్టకముందు రాగిగాజులుండే రంగు. ఒక్క కొమ్మకే. నేను పరుగెత్తుకెళ్ళి కొమ్మ వంచి, ఆ చిగురు పట్టుకోబోయాను.

"ముట్టుకోకే మొద్దూ! నీ చేతులు ఊరుకోవా?"

అత్తయ్య వీధిలోకి వినపడేలా అరిచింది. ఇరవై ఏళ్ళలో ఆవిడ నన్ను తిట్టడం అదే మొదలు. కొమ్మ వదిలేసి అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ హడలిపోయి, "అయ్యో, ఏదో నోరు జారానమ్మా, ఇంకెప్పుడూ అననులే" అంటూ వచ్చి నా తల పట్టుకుంది.

"అనండి అత్తయ్యా" అన్నాను. "రోజూ అనండి."