ఐదో తువ్వాలు

కొత్త తువ్వాలు మడత విప్పగానే వచ్చే గంజి వాసన నాకు పడదు. తుమ్ములొస్తాయి, వాటితోపాటు కోపమూ వస్తుంది. మొన్న సంక్రాంతి పెద్దపండగకు కోటబొమ్మాళి సంతలో కొన్న నీలిగళ్ల తువ్వాలు విప్పినప్పుడూ అంతే. మా పొరుగింటి సింహాచలం మావ గుర్తుకొచ్చాడు. ఆయనకు మా ఊరు చేసిన అవమానమూ గుర్తుకొచ్చింది.

మావతో మాకు చుట్టరికం లేదు, పిలుపే. సైన్యంలో చేసి, సరిహద్దు యుద్ధం చూసి వచ్చినవాడు. మా వైపు పండగనాడు పోయిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, పేరుపేరునా పిలిచి, ఆ తరవాతే ఇంట్లోవాళ్లు కొత్తవి కట్టుకుంటారు. మావ ఇంట్లో పీట మీద తాతకీ తండ్రికీ అన్నకీ తువ్వాళ్లుండేవి. నాలుగోది అప్పలస్వామిది. మా ఊరివాడే, ఆ యుద్ధంలో మావ పక్కనే నేలకొరిగాడు. అతని శవాన్ని మంచులో భుజాన మోసుకొచ్చింది మావే. ఐదోది ఎవరికో నాకు తెలియదు. నాకు పెళ్లయిన కొత్తలో ఒక పండగనాడు అడిగేశాను.

"నా సేతిలో పోయినోడికిరా," అన్నాడు.

"అవతలి సిపాయికా? ఆడి పేరేటి?"

"ఏమో. సెప్పడానికి నేనాడికి టైమిచ్చానేటి?"

ఆయన నవ్వలేదు. వంటింట్లోంచి అత్త మాత్రం, "ఏటేటా అదే నీలిగడి తెస్తాడు. ఆ బాబుకి నచ్చుతాదో లేదో ఓ పాలైనా ఆలోసించడు," అంది.

"ఆడూ నాలాగే సెప్పిన పని సేసినోడే. ఆళ్లింట్లో ఆడికి పెడతన్నారో లేదో నాకేటి తెలుసు? నా వంతు నేను పెడతన్నాను," అని మావ అంచులకు పసుపు రాశాడు.

ఏళ్లు గడిచాక ఊరి కూడలిలో అప్పలస్వామి విగ్రహం పెట్టారు. దండ వేయడానికి మావను పిలిచారు, ఫ్లెక్సీ మీద పేరూ వేశారు. ఈలోగా ఎవరో ఐదో తువ్వాలు సంగతి ఫోన్లలో తిప్పారు. తీరా సభకు వెళ్తే, మావ పేరు మీద తెల్లకాగితం అంటించి ఉంది. "శత్రువుకి బట్టలెట్టినోడు మనోడికి దండేస్తాడేటి?" అని విగ్రహ కమిటీ పెద్ద అందరూ వినేలా అన్నాడు. తుపాకీ ఎటు పట్టుకోవాలో తెలియని మనిషి అన్న మాట అది. శవాన్ని మోసుకొచ్చినవాడిని ఆఖరి వరసలో కూర్చోబెట్టాడు. టీ కప్పులు ఆ వరసదాకా రాలేదు. అదీ నేను మరిచిపోలేదు. కాగితం చించేద్దామని లేస్తే, మావ నా చొక్కా పట్టి లాగాడు.

"కూకోరా. ఇయాల అప్పలసామి రోజు. నీ తగువు రేపెట్టుకో."

మర్నాడే పెట్టుకున్నాను. క్షమాపణ చెప్పమని కమిటీకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను.

కిందటేడు మావ మంచం పట్టాడు. ఒక సాయంత్రం దగ్గరికి పిలిచి, "నా కొడుకు మంచోడే గానీ ఊరికి జడుస్తాడు. ఐదోది పెట్టడు. నీకైతే ఎవులేటన్నారో ఇరవయ్యేళ్లయినా గుర్తుంటాది. ఆ ఎదవ బుద్ధిని ఓ మంచి పనికి వాడరా," అన్నాడు. ఆ మాటకు నొచ్చుకున్నాను. అయినా సరేనన్నాను. ఆ మంచం మీదే మావ పోయాడు.

ఆయన అన్నట్టే అయింది. ఈ పండగకు తండ్రికి బట్టలు పెట్టిన కొడుకు ఐదో తువ్వాలు మానేశాడు. "ఊరితో మనకెందుకు బావా? అది నాన్నతోనే పోనీ," అన్నాడు. పోనీ అనడానికి అదేమైనా చుట్ట కాల్చే అలవాటా? ఒక మనిషిని చంపానని మావ బతికినన్నాళ్లూ ఏటేటా ఒప్పుకున్నాడు. అవతల చచ్చినవాడు మనిషేనని ఒప్పుకోవడానికి ఏ నష్టమూ లేని మాకు మాత్రం నోరు రాలేదు.

మా ఇంట్లో, పోయిన మా నాన్న బట్టల పక్కన మావకో తువ్వాలు, ఆ సిపాయికో నీలిగళ్ల తువ్వాలు పెట్టాను. కమిటీ పెద్ద మా గుమ్మం ముందు ఆగి లోపలికి చూశాడు.

"నువ్వూ మొదలెట్టావేటి?"

"మొదలెట్టలేదు, ఆపలేదంతే. నా ఉత్తరానికి జవాబేదీ?"

గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నేను పీట ముందుకొచ్చి నాన్నను పేరు పెట్టి పిలిచాను. మావనూ పిలిచాను. ఆఖరి తువ్వాలు దగ్గరికొచ్చేసరికి పిలవడానికి పేరు లేదు. అక్కడ మావ ఏమనేవాడో ఎన్నడూ వినిపించేది కాదు, పెదాలే కదిలేవి. నేనూ అలాగే కాసేపు పెదాలు కదిపాను. ఆ కాసేపూ నన్ను ఎవరేమన్నారో ఒక్కటీ గుర్తుకు రాలేదు.