మారుమనస్సు అనే మాట

మొన్న ఆదివారం తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సు కోసం నిలబడి ఉన్నాను. సన్నగా తుంపర పడుతోంది. పక్క వీధి చర్చి మైకులోంచి ఎవరో అమ్మాయి చదువుతున్న గొంతు తడిగాలిలో వణుకుతూ వచ్చి, ఒక మాట దగ్గర తడబడి, మళ్ళీ అందుకుంది. మారుమనస్సు. ఆ మాట చెవిన పడగానే నాకు బస్సు ధ్యాస పోయింది. రాహేలమ్మగారు గుర్తొచ్చారు. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, నవ్వొస్తే నోటికంటే ముందు భుజాలు కదిలే తీరు.

డెబ్భైల్లో మా ఊరి ఆడపిల్లల బళ్ళో నేను కొత్తగా తెలుగు టీచరుగా చేరేనాటికి ఆవిడ అక్కడ సీనియర్ తెలుగు పండితురాలు. మేము ముస్లిములం. మా నాన్న కరీం, బజారులో టైలరు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, షమీమ్ బేగం తెలుగు చెప్పడమేమిటని స్టాఫ్ రూములో ఒకరిద్దరు నవ్వుకున్నారు. రాహేలమ్మగారు వాళ్ళతో వాదించలేదు. పదో తరగతి పద్యభాగం నా చేతిలో పెట్టి, "ఇది నువ్వు చెప్పమ్మా. నాకు గొంతు బాగాలేదు" అన్నారు. ఆ ఏడాదంతా ఆవిడ గొంతు బాగుపడలేదు.

అప్పట్లో బైబిలును వాడుక తెలుగులోకి తెచ్చే పని ఒకటి జరుగుతుండేది. ఆ పని చేసే పెద్దలు కొన్ని భాగాలు టైపు కొట్టించి ఆవిడకు పంపేవారు. చర్చికి వెళ్ళే అలవాటు లేనివాళ్ళకు వాటిని చదివి వినిపించి, ఏం అర్థమైందో అడగడం ఆవిడ వంతు. మొదట నన్నే కూర్చోబెట్టారు.

"మారుమనస్సు అంటే నీకేం తోస్తోంది?"

"మారుతల్లి అంటే సవతితల్లి. మారువేషం అంటే దొంగవేషం. మరి ఇది దొంగమనసా అండీ?"

ఆవిడ భుజాలు చాలాసేపు కదిలాయి. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ చెప్పారు. తొలి అనువాదకుల ముందున్న గ్రీకు మాటకు అర్థం మనసు మారడమట. మనకు పశ్చాత్తాపం అనే మాట ఉండనే ఉంది. కానీ పశ్చాత్ అంటే తర్వాత, తాపం అంటే మంట. తప్పు చేశాక లోపల కాలడం. "కాలుతున్నవాడు కూర్చున్నచోటే కూర్చోవచ్చు కదమ్మా. అందుకే కొత్త మాట కట్టి ఉంటారు. పాత హీబ్రూ మాట ఇంకా సూటిగా ఉంటుంది. దారి తప్పినవాడు వెనక్కి తిరగడం, అంతే. ఇక మా పేటలో అడిగితే, మారుమనస్సు పొందాడంటే సారా మానేశాడని." ఒక మాట ఇన్ని ఊళ్ళు తిరిగి మా ఊరికి చేరిందని నాకు అప్పటిదాకా తెలియదు.

కొత్త ప్రతిలో దాని బదులు 'మనసు మార్చుకోండి' అని పెట్టారు. అది రైసుమిల్లు సుబ్బయ్యగారికి చదివి వినిపిస్తే ఆయన నొసలు చిట్లించారు. "అంటే బేరం కుదిరాక మాట తప్పడమేగా. దేవుడు అట్టా చెప్తాడాండీ?" రాహేలమ్మగారు దాన్ని కూడా శ్రద్ధగా రాసుకున్నారు.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఆవిడ మా నాన్న కొట్టుకు వచ్చారు. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అంతకు రెండేళ్ళ ముందు మా అన్నయ్య సలీం తాగివచ్చి నాన్న మీద చెయ్యెత్తాడు. దెబ్బ పడలేదు గానీ, నా గడప తొక్కొద్దన్నారు నాన్న. అన్నయ్య రెడ్డిగూడెం వెళ్ళి, మామిడితోటల్లో లారీలకు కాయలెత్తే పనిలో చేరాడు. తాగుడు మానేశాడని, నాన్న పేరెత్తితే ఏడుస్తాడని చూసొచ్చినవాళ్ళు చెప్పేవారు. "ఏడవనీ" అనేవారు నాన్న. అమ్మ ఆ మాట విన్న ప్రతిసారీ లేచి లోపలికి వెళ్ళిపోయేది.

"మాస్టారూ, పశ్చాత్తాపాన్ని మీలో ఏమంటారు?" అని అడిగారు రాహేలమ్మగారు.

"తోబా అంటామండి. జనం చెంపలేసుకుంటా అంటారు గానీ, అసలు అర్థం తిరిగి రావడమని మసీదులో నమాజు చేయించే హజ్రత్ చెప్పారు."

"అచ్చం హీబ్రూ మాటలాగే ఉంది. అయితే తిరగాల్సింది మనిషేనా?"

నాన్న మిషను తొక్కడం ఆపారు. "మనిషి తిరిగితే అల్లా కూడా వాడి వైపు తిరుగుతాడండి. అక్కడా అదే మాట వాడతారు."

"ఇద్దరికీ ఒకటే మాటన్నమాట" అన్నారావిడ. రవికె గుడ్డా, కొలతలూ ఇచ్చి వెళ్ళిపోయారు. నాన్న మిషను చక్రం మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నారు. బజారులో దీపాలు వెలిగాక నన్ను పిలిచి, "షమీమ్, రెడ్డిగూడెం బస్సు పొద్దున ఎన్నింటికి?" అని అడిగారు.

తోటలో జరిగింది అన్నయ్య తర్వాత చెప్పాడు. లారీ పక్కన నాన్నను చూసి తట్ట దించి నిలబడిపోయాడట. నాన్న దగ్గరికొచ్చి, వాడి భుజం దగ్గర చిరిగిన కుట్టు పట్టుకుని చూసి, "ఈ చొక్కా ఎవడు కుట్టాడ్రా?" అన్నారట. ఆ సాయంత్రం బస్సులో ఇద్దరూ కలిసి వచ్చారు. అన్నయ్య మిషను మీద ఎన్నడూ కూర్చోలేదు, లారీ పనిలోనే ఉండిపోయాడు. కానీ ప్రతి శుక్రవారం మా ఇంట్లో వాడి కంచం ఉండేది.

'దేవుని వైపు తిరగండి' అంటే అందరికీ అర్థమవుతుందని రాహేలమ్మగారు రాసి పంపారు. కొన్ని నెలలకు జవాబొచ్చింది. పాత మాట తీసేస్తే చర్చీలు ఒప్పుకోవని, మారుమనస్సునే ఉంచుతున్నామని. నాకు ఉక్రోషం వచ్చింది.

"ఇంత తిరిగిందంతా వృథాయేనా అండీ?"

"వృథా ఎందుకమ్మా? నువ్వు దొంగమనసన్నావు, మా పేటవాళ్ళు సారా మానడమన్నారు. సారా మానినవాళ్ళ పెళ్ళాంబిడ్డలకు ఆ మాటే అన్నం పెట్టింది. మాటకు అర్థం పుట్టినచోటే ఉండిపోదు. బతికినచోట కూడా పెరుగుతుంది" అన్నారావిడ.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు ఒక మాటకు అర్థం అడిగితే, నిఘంటువు తెరిచేముందు మీ ఇంట్లో దాన్ని ఎప్పుడు వాడతారని అడగడం నాకు ఆవిడ వల్లే అలవాటైంది. నాన్న రెడ్డిగూడెం ప్రయాణం నుంచి ఇంకొకటి కూడా అబ్బింది. ఏ పిల్లయినా బడి మానేస్తే కబురు పంపకుండా నేనే వెళ్ళేదాన్ని. పెనుగొలనులో ఒకసారి ఒక పిల్ల తల్లి కంగారుగా పీట వేస్తూ, "ఇంత దూరం మీరెందుకొచ్చారు టీచరుగారూ, కబురు పెడితే మేమే వచ్చేవాళ్ళం కదా" అంది.

"సగం దూరం నాదేనమ్మా" అన్నాను.

ఆ పిల్ల సోమవారం బడికి వచ్చింది.