దాయాదుల పళ్ళెం

ప్రయోగశాలలో క్రిములు పెంచే గాజుపళ్ళేలు కడిగే ఆమెను అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. వేడినీళ్ళకు వేళ్ళకొసలు ముడుతలు పడి ఉంటాయి. కళ్ళజోడు కాలొకటి దారంతో కట్టి ఉంటుంది. ఏ పళ్ళేన్నైనా కిటికీ వెలుగుకు ఎత్తి చూడనిదే క్రిములను చంపే ఆవిరియంత్రంలో వేయడానికి ఆమెకు చెయ్యి రాదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. చదువు చెప్పడమంటే చూడడం నేర్పడమేనని నమ్మి బతికిన మాబోటివారికి ఆ అలవాటు ఎంతో ముచ్చట గొలుపుతుంది. ఆనాడు కొత్త పరిశోధకుడు రెండు పళ్ళేలు ఆమె ముందు పెట్టి, "బయటి క్రిములు పడి పాడయ్యాయి, ఉడికించెయ్యి పెద్దమ్మా" అన్నాడు. రెండింటిలోనూ ఒకేలాంటి తెల్లచుక్క పడింది. ఒకదానిలో మాత్రం ఆ చుక్క చుట్టూ, పెంచిన క్రిముల పొర నడుమ, అద్దంలా ఖాళీ వలయం ఏర్పడింది.

"ఉడికించను" అంది ఆమె.

"నీకెందుకమ్మా ఇవన్నీ?"

"చూడు బాబూ. ఆ పళ్ళెంలోవి పరాయివి, ఈ చుక్క వాటి జోలికి పోలేదు. ఇందులోవి దీని రంగూ రూపూ ఉన్న దాయాదులు. ఒక్కదాన్నీ దగ్గరికి రానివ్వలేదు. ఏదో విషం కక్కుతోంది. అది మందుకు పనికొస్తుందేమో చూసుకోవద్దూ?"

"ప్రయోగశాల పెద్దాయనతో చెబితే నీ ఉద్యోగం ఊడుతుంది."

"చెప్పు. వస్తూ ఆయన్నీ వెంటబెట్టుకురా."

ఆమె యంత్రం మూత దించి, దానికి అడ్డంగా పీట వేసుకుని, వలయమున్న పళ్ళేన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. అతడు కాసేపు బింకంగా నిలబడ్డాడు. ఆ తరువాత వంగి, ఆ వలయాన్ని చాలాసేపు చూశాడు. తలెత్తేసరికి ఆమె కలం చాచి ఉంది.

"మూత మీద 'పారవేయరాదు' అని రాయి. కింద నీ సంతకం కూడా."