గీసిన నాలుక

"నాలుక మంచిగ గీసుకున్నవా?"

"గీసుకున్న తియ్యే. నీ పోరు పడలేక తోలు గూడ ఊడచ్చింది."

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. ఇంకేదన్నా మంచి మాట అయి ఉంటే బాగుండేదని మా వదిన అంటుంది. ఏ మాట అయితే ఏముంది. నేను ఆటో పిలవడానికి వాకిట్లోకి వెళ్లాను. ఎంతమంది అని ఆటో అతను అడిగితే ఇద్దరమే అన్నాను. లోపలికి వచ్చేసరికి మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. భుజం మీద తువ్వాల, కాళ్లకు చెప్పులు. పిలిచాను. మళ్లీ పిలిచాను. బయట ఆటో హారన్ కొడుతూనే ఉంది. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. నేను తల ఊపాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

జగిత్యాలలో సూదుల దవాఖానకు పోవలసిన రోజు అది.

ఆయన సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. వాటి మధ్య నిలబడి తిరగడమే పని. ఆఖరి రెండేళ్లు అరికాళ్లు మొద్దుబారిపోయాయి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఒకసారి ఒంటి చెప్పుతో బస్సెక్కాడు, కండక్టరు చెబితేగానీ చూసుకోలేదు. పని మానేసి కోరుట్లకు వచ్చాం, మా తమ్ముడి ఇంటి పక్కనే. నేను బీడీలు చుట్టేదాన్ని. ఎన్ని గోలీలు మింగినా ఆ కాళ్లలో తేడా లేదు. జగిత్యాలలో చైనా సూదుల వైద్యం చేస్తారని నాతో బీడీలు చుట్టే ఆమె చెబితే పోయాం.

మేడ మీద రెండు గదులు, మధ్యలో పరదా. డాక్టరూ ఆయన భార్యా ఇద్దరూ ఆ వైద్యం నేర్చినవాళ్లే. మగవాళ్లకు ఆయన, ఆడవాళ్లకు ఆమె సూదులు పెడతారు. సూది అంటే వెంట్రుక అంత సన్నం, పెట్టింది కూడా తెలియదు. ఎండిన ఆకును లావుగా చుట్టి కాల్చి, దాని సెగ కాలికి చూపిస్తారు. అది చూస్తే మా ఆయనకు నవ్వు.

"నువ్వు సుట్టే బీడీకన్న గిదే లావున్నదే. సార్, ఒక్క దమ్ము గుంజనియ్యరాదుండ్రి."

"గది నీ కాలు తాగేది పెద్దయ్యా, నువ్వు గాదు" అన్నాడు డాక్టరు.

మొదటిరోజు డాక్టరు ఆయన మణికట్టు మీద మూడువేళ్లు పెట్టి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత నాలుక చాపమని బ్యాటరీ లైటు వేసి చూశాడు. "నల్లటి పూత మస్తుగున్నది. అచ్చేపారి గూడ గిట్లనే ఉంటే కరీంనగర్ల గుండె డాక్టరుకు సూపెట్టాలె" అన్నాడు. పరదా అవతల కూర్చున్నవాళ్లు విన్నారు. ఒక ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. మొగుడి నోరు కూడా శుభ్రంగా ఉంచుకోలేని ఆడదాన్ని అన్నట్టు చూసింది.

బస్సులో ఆయనను తిట్టాను. "నలుగురిల ఇజ్జత్ తీసినవ్."

"నాలుక సూపెట్టుమన్నది నేనా? సారే అడిగిండు గదనే" అన్నాడు.

అప్పటి నుంచి దవాఖానకు పోయే రోజు యాపపుల్ల చీల్చి ఇచ్చి, ఎర్రగా అయ్యేదాకా గీయించి, పక్కనే నిలబడి చూసేదాన్ని. రెండోసారి డాక్టరు లైటు వేసి చూసి, "శానా మంచిగైంది" అన్నాడు. గుండె మాట మళ్లీ ఎత్తలేదు. వారానికి రెండుసార్లు రమ్మన్నవాడు ఒక్కసారి చాలన్నాడు. ఎండాకాలం నడుమ ఒకరోజు బొటనవేలి దగ్గర సూది తిప్పుతుంటే ఆయన ఉలిక్కిపడి, "చీమ కుట్టినట్టయింది సార్" అని అరిచాడు. అవతలి ఆడవాళ్లు కూడా నవ్వారు. ఆ రోజు జిలేబీ కొనుక్కుని ఇంటికి వచ్చాం.

దినాలు అయిపోయాక మా మరిది సిరిసిల్ల నుంచి వచ్చి కూర్చున్నాడు. "గా సూదులే మా అన్నను సంపినయి వదినా. పదిమందిని తీస్కపోయి అడుగుత, ఊకునుడే లేదు" అన్నాడు. నేను చాయ్ పోసి ఇచ్చాను. పూత పోబట్టే డాక్టరు గుండె మాట ఎత్తలేదేమో, ఆ నాలుక గీయించింది నేనేనని నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు.

అందుకే మా తమ్ముడి బిడ్డను వెంటబెట్టుకుని జగిత్యాలకు పోయాను. ఇది రాస్తున్నది ఆ పిల్లే. బెంచీ మీద కూర్చున్నాం. అది గోడకు వేలాడే అట్ట వైపు చూసి, "అత్తమ్మా, గిది సూసినవా?" అని పైకి చదివింది. "నాలుక గీసుకోకుండా రావలెను."

ఎండాకాలమంతా మేమిద్దరం ఆ అట్ట కిందనే కూర్చున్నాం. ఆయనకు సంతకం ఒక్కటే వచ్చేది. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాను, బస్సు బోర్డుకు సరిపోతుంది. చెప్పులు బయట విడవాలని రాశారనుకున్నాను.

డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన సూదుల డబ్బీ మూసి పక్కన పెట్టాడు. "మేం నాలుక సూసే లోపలి రోగం పట్టుకుంటం. పూత గీస్తే పోతదమ్మా. కింద నాలుక రంగు పోదు. గది నేను సూడాల్సింది. పూత తేలికైతే నా సూదులే పనిజేసినయనుకున్న" అన్నాడు. ఆయన భార్య నా పక్కన కూర్చుంది. "మేం రాసిపెట్టి ఊకున్నం. నోటితోని ఒక్కపారన్న చెప్పాల్సింది" అంది.

తప్పు నీదే అంటారనో, నీది కాదంటారనో పోయాను. ఇద్దరూ తమ మీద వేసుకున్నారు. నాకు బరువు దిగలేదు, పెరగలేదు. ఇచ్చిన నీళ్లు తాగి బస్సెక్కాను. తెల్లారి బీడీ ఆకు కత్తిరించుకుంటూ కూర్చున్నాను. చేతులు వాటంతట అవే చుట్టాయి.

రేపు ఇక్కడికి వచ్చి, ఎల్లుండి మనుషులను తీసుకుని జగిత్యాలకు పోతానని మరిది ఫోన్ చేశాడు. ఎదురుగా నిలబడి చెప్పమంటే నాకు మాట రాదు. అందుకే ఇది రాయించాను. అతను రాగానే ఈ పిల్ల నా ముందరనే చదివి వినిపించాలి. డాక్టరు కరీంనగర్ మాట చెప్పింది, మేం పోనిది, నేను గీయించింది, డాక్టరు సరిగా చూడనిది, అన్నీ ఉండాలి. విన్న తర్వాత జగిత్యాలకే పోతాడో, నా మీదికే వస్తాడో అతని ఇష్టం.

రాసినవా బిడ్డా? మొదటి నుంచి ఒక్కపారి చదువు. నా మీద పావురంతోని, అత్త గదా అని, ఏమన్న ఇడిశిపెట్టినవేమో ఇనాలె.