మందు ముట్టని మనిషి

మా నాయన జంగయ్య ముప్పై రెండేళ్లు బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డ బస్తాలు మోశాడు. బస్తాను చేత్తో తట్టి లోపల తడిసిన సరుకుందో లేదో చెప్పేవాడు. సాయంత్రం తోటి హమాలీలు కల్లు కాంపౌండు వైపు నడిస్తే ఆయన ఇంటి దారి పట్టేవాడు. "సన్యాసుల్ల కలవాల్సినోనివి, పెండ్లెందుకు చేసుకున్నవురా" అని వాళ్లు ఎగతాళి చేసేవారు. ఆ మాట ఇంటికొచ్చి అమ్మకు గొప్పగా చెప్పుకునేవాడు.

పోయినేడు మెట్లెక్కుతుంటే ఆయనకు ఛాతీ పట్టేసింది. సికింద్రాబాద్‌లో ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే యాంజియోగ్రామ్ చేయాలన్నారు. గుండె నాళాలు కనబడడానికి ఎక్కించే డై కొందరి కిడ్నీలను దెబ్బతీస్తుందట. అందుకని వయసు, షుగరు, రక్తపరీక్షలు, వాడే మందులు ముందే కంప్యూటర్లో ఎక్కిస్తే, ముప్పు ఎంతో అది లెక్క కడుతుంది.

వివరాలు రాసుకోవడానికి నర్సు రోసమ్మ వచ్చింది. కాకినాడ వైపు మనిషి. షుగరు మాత్రల చీటీ చూసి రాసుకుని, "ఇంకేం మందు తీసుకోరు కదా పెద్దాయనా?" అంది.

నాయన మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. "మందా! మల్లన్న మీదొట్టు బిడ్డా, గా వాసనే నాకు వడది."

"మా పిల్లాడూ అంతేనండి, మందు సీసా చూస్తే ఇల్లంతా పరిగెత్తిస్తాడు" అని రోసమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. "నిజమే సిస్టర్, మా నాయన ముట్టడు" అన్నాను. ఆమె 'ఏమీ లేవు' అని రాసుకుంది.

నడుము నొప్పికి ఆయన రెండు పూటలా మింగే గోళీలు అప్పుడు అంగీ జేబులోనే ఉన్నాయి. చీటీ లేకుండా మెడికల్ షాపులో కొన్నవి. మా ఇంట్లో వాటిని ఎవరూ ఎప్పుడూ మందు అనలేదు. నడుము గోళీలు, అంతే.

ముప్పు తక్కువేనని కంప్యూటర్ చెప్పింది.

యాంజియోగ్రామ్ అయిన మూడో రోజుకు మూత్రం ఆగిపోయింది. కాళ్లు ఉబ్బాయి. కిడ్నీ డాక్టరు వచ్చి, "నొప్పి గోళీలు ఏమన్నా మింగుతుండెనా?" అని అడిగాడు. నేను నాయన అంగీ జేబులోంచి గోళీల పట్టీ తీసి చూపించాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ముందే తెలిస్తే ఇవి ఆపించి, సెలైన్ పెట్టి, కొన్ని రోజులు ఆగి చేసేవాళ్లమన్నాడు.

"అట్ల చేస్తే ఏం కాకపోవునా సార్?"

"అది నేను చెప్పలేనమ్మా."

నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. నాయనకు అన్నిటికంటే నడుమే బాధ పెట్టింది.

"బిడ్డా, నడుము గుంజుతుంది. గా గోళి ఒక్కటియ్యరాదు?"

"వద్దన్నరు నాయినా. గదే కిడ్నీలను ఖరాబు చేసిందట."

"గోళి ఏం చేస్తదే! మందు తాగెటోళ్లు మంచిగనే తిరుగుతున్నరు."

వాళ్లిచ్చిన వేరే మాత్రతో నొప్పి తగ్గలేదు. ఆయన నడుము కింద చెయ్యి పెట్టి రుద్దుతూ కూర్చున్నాను. పట్టీ నా సంచిలోనే ఉంది, ఇంకా ఐదు మిగిలి ఉన్నాయి. రెండు రోజులు అడిగాడు. మూడో రోజు అడగడానికి ఆయన లేడు.