ఎండుచేపలను బల్ల మీద పెట్టే దివిసీమ కోత పండుగ

సువార్తమ్మ అత్త తెచ్చిన ఎండు మెత్తళ్ల బుట్టను మా చర్చి గుమ్మం దగ్గరే ఆపేశారు. గుడివాడ పక్కన మా ఊళ్లో కిందటి ఆదివారం కోత పండుగ. ఎవరి కష్టంలోంచి వాళ్లు కొంత తెచ్చి చర్చి లోపలి ఆరాధన బల్ల ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ధాన్యం బస్తాలు లోపలికి వెళ్లాయి, గుమ్మడికాయలు వెళ్లాయి, కాళ్లు కట్టిన కోడిపుంజు కూడా వెళ్లింది. మార్కెట్లో ఎండుచేపలు అమ్మి బతికే అత్త వచ్చేసరికి మాత్రం సంఘపెద్దగారు ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని, "కొత్తగా ఏసీ పెట్టించామమ్మా, వాసన పట్టేస్తుంది. ఆ చెప్పుల దగ్గర పెట్టు" అన్నారు. అత్త అక్కడ పెట్టలేదు. బుట్ట నెత్తికెత్తుకుని ఇంటికి వెళ్లిపోయింది. "ఇంక నేను రానురా అబ్బాయ్. ఇంట్లోనే పాడుకుంటా" అంది. ఆవిడ నాకు చుట్టం కాదు, మా వీధి మనిషి. ఆవిడ గొంతు లేకపోతే మా చర్చిలో పాట ఎత్తుకునేవాళ్లే లేరు.

నేను బైకు మెకానిక్‌ని. పదో తరగతితో బడి మానేశాను గానీ చదవడం మానలేదు, నోరు మూసుకోవడం నేర్చుకోలేదు. మర్నాడే పాస్టరుగారింటికి వెళ్లి అరిచాను. ఆయన అంతా విని, "శనివారం ఖాళీయేనా? దివిసీమలో, నాగాయలంక అవతల ఒక పల్లెలో కోత పండుగకి నన్ను ప్రసంగానికి పిలిచారు. నా స్కూటరు ఎలాగూ నీ షెడ్డులోనే పడుందిగా, నువ్వే తీసుకెళ్లు" అన్నారు. ఇంత గొడవ చేస్తే డ్రైవరు పనా అనిపించింది. అయినా ఒప్పుకున్నాను.

శనివారం ఉదయం ఆరింటికి నా బైకు మీద బయల్దేరాం. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణించి నాగాయలంక. మంచు దట్టంగా ఉండటంతో పామర్రు సెంటర్లో ఇడ్లీ తింటూ కాసేపు ఆగాం. ఇద్దరి టిఫిను, టీ కలిపి వంద రూపాయలకు లోపే. బందరు పోర్టు పనుల లారీలు హెడ్‌లైట్లు వేసుకుని వరసగా వెళ్తున్నాయి. బైకు ఎక్కాక పాస్టరుగారు నా చెవి దగ్గర ప్రసంగం మొదలుపెట్టారు. "చూశావా, మనవాళ్లలో సగం మంది ఇంట్లో మంచం మీద పడుకుని ఆరాధన లైవ్ చూస్తున్నారోయ్. ఆమెన్ అని టైపు చేస్తే అయిపోయిందనుకుంటున్నారు. రేపు ప్రభురాత్రి భోజనంలో రొట్టె, ద్రాక్షరసం కూడా పార్సిల్ అడుగుతారు."

చల్లపల్లి దాటాక రోడ్డుకు అటూ ఇటూ రొయ్యల చెరువులు. "అమెరికావాడు రొయ్యల మీద పన్ను పెంచిన దగ్గర్నించీ మన చెరువు గట్ల మీద ప్రార్థనలు బాగా పెరిగాయి" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "అయ్యగారూ, మన సంఘపెద్దగారివీ రొయ్యల చెరువులేగా. ఆ కానుకకి లేని వాసన మెత్తళ్లకి ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాను. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ మీది అక్విడెక్టు వంతెన ఎక్కాం. అది దాటాక ఆయన మెల్లగా, "నాకూ ఆయనతో పనులుంటాయోయ్. గోడకి సున్నం కావాలన్నా ఆయన్నే అడగాలి" అన్నారు.

తొమ్మిదింటికి పల్లె చేరాం. కరకట్ట దిగగానే చిన్న రేకుల చర్చి. లోపలికి అడుగుపెట్టి ఎగిరి గంతేసినంత పని చేశాను! ధాన్యం, అరటిగెలల మధ్య ఐసు పెట్టె నిండా రొయ్యలు, బకెట్లో బతికున్న పీతలు, తాటాకు బుట్టల్లో మెత్తళ్లు. అన్నీ బల్ల మీదే. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, ఏటి గాలి ఈ చివర నుంచి ఆ చివరకు కొడుతోంది. ప్రసంగం మధ్యలో ఒక పీత కట్టు తెంపుకుని నేరుగా పాస్టరుగారి అంగీ కిందకి దూరింది. ఆయన అంగీ ఎత్తి పట్టుకుని, "ప్రసంగం చాలని చెప్పడానికి వచ్చిందర్రా!" అన్నారు. చర్చంతా ఒకటే నవ్వు.

వేలం ఇంకా బాగుంది. మైకు అక్కడి సంఘపెద్ద చేతిలో ఉంది, లుంగీ కట్టుకున్న చేపల వేటగాడాయన. పాడుకున్నవాళ్లు వస్తువు ఇంటికి తీసుకెళ్లరు. "మళ్లీ పాటకు పెట్టండి!" అని తిరిగి ఇచ్చేస్తారు. ఒక్క మెత్తళ్ల బుట్ట మీద మూడుసార్లు పాట నడిచింది. నాలుగోసారి పాస్టరుగారు లేచి, "నాదో పాట" అన్నారు. ఆయన మీద ఎవరూ పోటీకి రాలేదు, ఆ బుట్టను ఆయన తిరిగి పాటకు పెట్టకుండా తన దగ్గరే ఉంచుకున్నారు.

భోజనాల దగ్గర మా ఊళ్లో జరిగింది నేను చెబితే ఆ సంఘపెద్ద నోరు తెరిచాడు. "అయితే యేసయ్య వెంట నడిచిన జాలరి పేతురుగారు బుట్టతో వచ్చినా మీవాళ్లు గుమ్మంలోనే నిలబెడతారా బావా?" వడ్డిస్తున్న అక్క ఊరుకోలేదు. "నిలబెడితే ఇటు పంపించమనండి. ఇక్కడ ముద్ద తిని వెళ్తాడు" అంటూ నా విస్తట్లో ఇంకో గరిటె పీతల కూర వేసింది.

తిరుగు దారిలో పాస్టరుగారు బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "గురువారం కమిటీలో ఈ సంగతి నేనే ఎత్తుతాను. నువ్వూ కమిటీకి రాయి. తిట్టకు, ఏం కావాలో అడుగు" అన్నారు. తిట్టకుండా రాయడం నాకు చాలా కష్టం. కానీ ఆ రేకుల కింద కూర్చున్నప్పుడు ఒకటి అర్థమైంది. మనిషి చేసే పనికి వాసన ఉంటుంది. నా చేతులకు గ్రీజు, రైతు కాళ్లకు బురద, అత్త బుట్టకు ఉప్పుచేప. అది కడుక్కుని రమ్మంటే పండుగ ఎందుకు?

ఆ పల్లె కోత పండుగకు వెళ్లాలనుకునేవాళ్లు బందరు నుంచైతే అవనిగడ్డ బస్సెక్కి, అక్కణ్ణించి ఆటోలో నాగాయలంక మీదుగా వెళ్లండి. చీకటి పడితే ఆటోలు తగ్గిపోతాయి, కాబట్టి పొద్దుండగానే తిరిగి రండి. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి తీసుకెళ్లండి. చేపలు తెచ్చుకున్నా బస్సులోంచి ఎవరూ దింపెయ్యరు.

ఇక మా సంఘపెద్దలకు. మీరు సువార్తమ్మ అత్త ఇంటికి నడిచి వెళ్లి రమ్మని పిలవాలి. వచ్చే ఆదివారం ఆవిడ బుట్ట బల్ల మీద ఉండాలి, అందరి ముందూ దానికి వేలం జరగాలి. ఆ పూట ఏసీ ఆపి కిటికీలు తెరవండి. గురువారం సాయంత్రం కమిటీ లేచేలోగా ఔనో కాదో తేల్చండి. ఆ జవాబు నాకు పంపొద్దు, ఆవిడ గుమ్మంలో నిలబడి ఆవిడకే చెప్పండి.